వీనస్, క్యూపిడ్ బొమ్మల్లో గుర్తులు: ఒక్క గులాబీ చూసి పేరు పెట్టేయొచ్చా?

ప్రశ్న: రంగులపెట్టె

ఫైన్ ఆర్ట్స్ మొదటి సంవత్సరం విద్యార్థులకు గ్రీకు, రోమన్ పురాణాల నుంచి యూరప్ చిత్రకళలోకి వచ్చిన ప్రేమ, కోరికల గుర్తుల మీద పాఠం తయారవుతోంది. ఎక్కడ వెతికినా ఒకటే పట్టిక దొరుకుతోంది. గులాబీ ఉంటే ప్రేమ దేవత వీనస్, పావురం ఉంటే వీనస్, యాపిల్ ఉంటే వీనస్, ఆల్చిప్ప ఉంటే వీనస్. కానీ మేరీమాత చిత్రాల్లోనూ గులాబీలు ఉన్నాయి, ఏసు బాప్తిస్మం చిత్రాల్లో పావురం ఉంది, ఈవ్ చేతిలో యాపిల్ ఉంది. ఈ పట్టికను బట్టీ పట్టిస్తే పిల్లలు మ్యూజియంలో మొదటి గదిలోనే తికమకపడతారు.

అసలు ఒక బొమ్మ ముందు నిలబడి ఏ వరసలో చూడాలి? వీనస్ కొడుకు క్యూపిడ్‌కి ఒకచోట కళ్ళకు గంతలు ఉంటాయి, ఇంకోచోట ఉండవు, దానికి కారణం ఏమిటి? బ్రాంజినో గీసిన వీనస్, క్యూపిడ్ చిత్రంలో వెనకాల తేనెపట్టు పట్టుకున్న అమ్మాయి ఎవరు? ఇంకొక మాట, పాఠంలో మన మన్మథుడితో పోలిక తేవచ్చా, తెస్తే ఎంతవరకు? ఉదాహరణలతో చెప్పగలరు.


జవాబు: పాలరాయి

పట్టికలో తప్పేం లేదండీ, దాన్ని వాడే తీరులోనే ఉంది చిక్కంతా. ఒక్క గుర్తు ఎవరినీ పట్టివ్వదు. కనీసం రెండు కలవాలి. కలిసిన తర్వాత కూడా ఆ బొమ్మను ఎవరికోసం, ఏ చోట పెట్టడానికి చేశారో చూడాలి. పిల్లలకు ముందు ఈ అలవాటు చేయించండి.

ఎందుకంటే రెండు గుర్తులు కలిసినా బోల్తా కొట్టించే బొమ్మలున్నాయి. రోమ్‌లో సాంతా మరియా దెల్లా విట్టోరియా చర్చిలో బెర్నిని 1647-52 మధ్య చేసిన శిల్పం చూడండి. రెక్కలున్న కుర్రాడు చిరునవ్వుతో బంగారు బాణం ఎత్తి పట్టుకుని ఉంటాడు, ఎదురుగా ఒక స్త్రీ మైమరచి వెనక్కి వాలి ఉంటుంది. రెక్కలు, బాణం రెండూ ఉన్నాయి కదా అని క్యూపిడ్ అంటే తప్పే. ఆమె సెయింట్ తెరెసా, అతను దేవదూత. ఆ సంగతి పట్టిచ్చేవి ఆమె ఒంటిమీది సన్యాసిని దుస్తులు, శిల్పం ఉన్న చర్చి గోడ. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. ప్రేమికుల దినం కార్డుల మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పైకి చూసే ఇద్దరు బుజ్జాయిలను క్యూపిడ్‌లుగా అచ్చు వేస్తారు. వాళ్ళు రాఫెల్ 1512-13 ప్రాంతంలో గీసిన సిస్టైన్ మడోన్నా చిత్రంలో మేరీమాత పాదాల కింద ఉండే దేవదూతలు. విల్లు లేదు, అమ్ములపొది లేదు. రెక్కలున్న పసివాడు కనబడగానే ముందు విల్లు కోసం వెతకమని చెప్పండి.

ఇక వస్తువుల దగ్గరికి వద్దాం. ఆల్చిప్ప, డాల్ఫిన్, నురగ, ఇవన్నీ ఒకే కథవి. యురేనస్ అంగాన్ని కొడుకు క్రోనస్ కొడవలితో కోసి సముద్రంలో పారేస్తే పుట్టిన నురగలోంచి అఫ్రొడైటి (వీనస్ గ్రీకు పేరు) వచ్చిందని హెసియడ్ చెప్పాడు. గ్రీకులో అఫ్రోస్ అంటే నురగ. అందుకే బొట్టిచెల్లి వీనస్ (సుమారు 1485, ఫ్లోరెన్స్‌లోని ఉఫిజి) ఆల్చిప్ప మీద ఒడ్డుకు చేరుతుంది. పాంపేయీలో ఒక ఇంటి తోట గోడమీద కూడా ఆల్చిప్పలో పడుకున్న వీనస్ ఉంది. అయితే అదే ఆల్చిప్ప ఒక ముసలాయన టోపీకో భుజానికో తగిలించి ఉంటే ఆయన సెయింట్ జేమ్స్, లేదా ఆయన సమాధికి వెళ్ళే యాత్రికుడు.

డాల్ఫిన్ గురించి శిల్పం చేసేవాళ్ళకు పనికొచ్చే విషయం ఒకటి చెప్పాలి. ఉఫిజిలో ఉన్న మెడిచి వీనస్ ఎత్తు 1.53 మీటర్లు. ఎడమ కాలి పక్కన డాల్ఫిన్, దాని మీద బుల్లి ఎరోస్‌లు (క్యూపిడ్ గ్రీకు పేరు ఎరోస్). అది సముద్రంలో పుట్టిన కథకు గుర్తే, కానీ అసలు పని బరువు మోయడం. నిలబడిన పాలరాతి మనిషి బరువంతా రెండు చీలమండల మీద పడుతుంది, రాయి అక్కడే విరుగుతుంది. కంచులో ఆ బాధ లేదు, లోపల బోలు కాబట్టి. కంచు బొమ్మకు పాలరాతి నకలు చేసేటప్పుడు శిల్పులు కాలి పక్కన ఒక రాతి ముద్ద వదిలేసి, దాన్ని కథకు సరిపడే వస్తువుగా చెక్కేవాళ్ళు. కాపిటొలైన్ వీనస్ పక్కన అదే ఊత నీళ్ళ కుండ, దాని మీద వేసిన బట్ట రూపంలో ఉంటుంది, అంటే స్నానం వేళ. కాబట్టి శిల్పంలో మొట్టమొదట కాలి పక్క ఊతను చూడండి. చేతులు విరిగిపోయినా అది మిగులుతుంది.

గులాబీ సంగతి. ప్రియుడు అడోనిస్ కోసం పరిగెత్తుతుంటే ముల్లు గుచ్చుకుని వీనస్ నెత్తుటితో తెల్ల గులాబీ ఎర్రబడిందని ఒక కథ. అందుకే ముల్లు కూడా చూపిస్తే అది ప్రేమలోని నొప్పి. మేరీమాత దగ్గర మాత్రం ముళ్ళు లేని గులాబీ అంటారు, పక్కన తెల్ల లిల్లీ గానీ, కంచె కట్టిన తోట గానీ ఉంటుంది. వీనస్ దగ్గర గులాబీకి తోడుగా మిర్టిల్ ఉంటుంది. చిన్న ఆకులు, తెల్ల పూలు ఉండే సువాసన పొద అది, రోమన్లు పెళ్ళిళ్ళలో దండలుగా పెట్టుకునేవాళ్ళు. గులాబీ, మిర్టిల్ కలిశాయంటే వీనస్‌తో పాటు పెళ్ళి మాట కూడా ఉన్నట్టే.

దీనికి టిషియన్ వీనస్ ఆఫ్ ఉర్బినో (1538, 119 × 165 సెం.మీ.) మంచి పాఠం. పడుకున్న స్త్రీ కుడి చేతిలో గులాబీలు, కిటికీ గట్టు మీద కుండీలో మిర్టిల్, కాళ్ళ దగ్గర నిద్రపోయే కుక్కపిల్ల, వెనక గదిలో బట్టల పెట్టె తీస్తున్న దాసీలు. క్యూపిడ్ లేడు, పావురం లేదు. దాన్ని కొన్న గ్విడోబాల్డో తన ఉత్తరంలో నగ్న స్త్రీ బొమ్మ అని మాత్రమే రాశాడు. వీనస్ అన్న మాట తర్వాత, చిత్రకారుల జీవితాలు రాసిన వసారి రాతల్లో వస్తుంది. దీన్నిబట్టి చూస్తే మ్యూజియం చీటీ మీది పేరును చిత్రకారుడి మాటగా తీసుకోకూడదు.

అద్దం కూడా అంతే. వెలాస్కెజ్ గీసిన రోక్‌బీ వీనస్ (1647-51, లండన్ నేషనల్ గ్యాలరీ) లో నగలు లేవు, గులాబీలు లేవు, ఆమె వీపు మాత్రం మనకు కనబడుతుంది. అద్దం పట్టుకున్న పిల్లవాడికి రెక్కలు ఉండబట్టే ఆమె వీనస్ అయింది. ఆ రెక్కలు చేత్తో మూసి చూడండి, అద్దం చూసుకునే మామూలు స్త్రీ మిగులుతుంది. తరగతిలో ఇది చేయించదగ్గ పని. ఇంకో సంగతి, అద్దంలో ఆమె ముఖం మనకు కనబడుతోందంటే ఆమెకు కనబడేది మనమే, తన ముఖం కాదు. చాలామంది ఆమె తన అందం చూసుకుంటోందని రాసేస్తారు.

యాపిల్ గురించి క్లుప్తంగా. ముగ్గురు స్త్రీలు, ఒక గొర్రెల కాపరి ఉంటే అది పారిస్ తీర్పు, ముగ్గురు దేవతల్లో అందగత్తె ఎవరో తేల్చి ఆమెకు యాపిల్ ఇచ్చే కథ. నెమలి ఉన్నది జూనో, డాలు, శిరస్త్రాణం ఉన్నది మినర్వా, క్యూపిడ్ ఉన్నది వీనస్. ఒంటరి స్త్రీ చేతిలో యాపిల్ ఉంటే పామును వెతకండి. పాము ఉంటే ఈవ్. పాము లేకుండా మంచం మీద దర్జాగా ఆనుకుని ఉంటే గెలిచిన వీనస్, రోమ్ బోర్గీస్ గ్యాలరీలో కనోవా చెక్కిన పౌలీన్ బోనపార్త్ లాగా (1805-08).


జవాబు: కుంచె కొస

పాలరాయి గారు చెప్పినదానికి క్యూపిడ్ సరంజామా కలుపుతాను.

ముందు వయసు. పాత గ్రీకు కుండల మీద ఎరోస్ పసివాడు కాదు, రెక్కలున్న ఎదిగిన కుర్రాడు. తర్వాతి కాలంలో చిన్నవాడై, గుంపుగా కూడా మారాడు. పాంపేయీలో వెట్టీల ఇంట్లో గోడ అంచున క్యూపిడ్‌లు కంసాలి పని, అత్తరు తయారీ లాంటి పనులు చేస్తుంటారు. ఇంటి వ్యాపారాన్ని పసిపిల్లల చేత చేయించిన ముచ్చట అది, అక్కడ ప్రేమకథ వెతకక్కర్లేదు.

బాణాలు రెండు రకాలు. ఓవిడ్ మెటమార్ఫొసెస్ మొదటి పుస్తకంలో స్పష్టంగా ఉంది. బంగారు బాణం మొన పదును, అది తగిలితే వలపు. సీసపు బాణం మొన మొద్దు, అది తగిలితే విముఖత. అపోలో దేవుడికి మొదటిది, అతన్ని తప్పించుకుని పారిపోతూ లారెల్ చెట్టుగా మారిన డాఫ్నీకి రెండోది. రంగుల చిత్రంలో మొన పసుపా, బూడిదా అని చూడాలి. పాలరాతి శిల్పంలో ఆ రంగు తేడా కనబడదు. బెర్నిని అపోలో, డాఫ్నీ శిల్పంలో (1622-25, బోర్గీస్, 243 సెం.మీ.) క్యూపిడ్‌నే పెట్టలేదు, బాణమూ లేదు. డాఫ్నీ వేళ్ళ కొసల నుంచి లారెల్ ఆకులు మొలుస్తాయి, కాలి వేళ్ళు వేళ్ళూనుతాయి, నడుము మీదికి బెరడు పాకుతుంది. అపోలో ఎడమ చెయ్యి తాకేది అప్పటికే బెరడు. బాణం లేకుండానే బాణం ఫలితం మొత్తం చెప్పిన పని అది. గుర్తుల పాఠంలో ఈ శిల్పం తప్పకుండా ఉండాలి. గుర్తు లేకపోయినా కథ ఉండొచ్చని పిల్లలకు దీంతోనే తెలుస్తుంది.

కళ్ళ గంతలు ప్రాచీన గ్రీకు, రోమన్ కళలోవి కావు. మధ్యయుగంలో వచ్చి చేరాయి. ప్రేమ గుడ్డిది, ఎవరిమీద పడుతుందో తెలియదు, పాపం వైపు లాగుతుంది అన్న ఉద్దేశంతో గంత కట్టారు. రినైసాన్స్ (పునరుజ్జీవన కాలం) నాటికి రెండు రకాలూ పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. బొట్టిచెల్లి ప్రిమవేరాలో వీనస్ తల మీద ఎగిరే క్యూపిడ్ గంత కట్టుకుని, మొన మండే బాణాన్ని ముగ్గురు గ్రేసుల (సొగసు దేవతల) వైపు గురిపెట్టాడు. చూడకుండానే సరిగ్గా గురి పెట్టడం ఆ బొమ్మలోని చమత్కారం. జర్మనీ చిత్రకారుడు క్రానాక్ గీసిన ఒక చిత్రంలో (ఫిలడెల్ఫియా మ్యూజియం) క్యూపిడ్ తన గంత తానే విప్పుకుంటున్నాడు, కాళ్ళ కింద ప్లేటో గ్రంథం. గంత ఉంటే శరీర వాంఛ, తీసేస్తే తెలివైన ప్రేమ అన్న చదువు ఇక్కడ బాగా కుదురుతుంది. కానీ ప్రతి గంతకూ ఇదే అర్థం అతికించకండి.

కాగడా నిటారుగా ఉంటే కోరిక. తలకిందులుగా ఉంటే ఆగి చూడండి. రోమన్ రాతి శవపేటికల మీద తలకిందుల కాగడా మీద ఆనుకుని కళ్ళు మూసుకున్న రెక్కల పిల్లవాడు చావుకు గుర్తు. ఆ శవపేటికల మీద కాగడా ఎటు తిరిగి ఉందన్నదే అర్థాన్ని మార్చేస్తుంది.

ఇద్దరు రెక్కల పిల్లలు కుస్తీ పడుతుంటే ఎరోస్, ఆంటెరోస్. ఆంటెరోస్ అంటే తిరిగి ఇచ్చే ప్రేమ. రోమ్‌లో ఫార్నీస్ భవనం కప్పు మీద అన్నిబాలె కరాచి మూలల్లో ఈ కుస్తీలే గీశాడు. లండన్ పికడిల్లీ సర్కస్‌లో అందరూ ఎరోస్ అని పిలిచే అల్యూమినియం బొమ్మ (1893) నిజానికి ఆంటెరోసే, శిల్పి ఆల్‌ఫ్రెడ్ గిల్బర్ట్ అలాగే అనుకుని చేశాడు. షాఫ్ట్స్‌బరీ ప్రభువు దానగుణానికి స్మారకం కదా, కోరికల దేవుడి కంటే స్వార్థంలేని ప్రేమ దేవుడే అక్కడ సరిపోతాడు. విల్లు పట్టిన రెక్కల కుర్రాడు కనబడేసరికి జనం మాత్రం ఎరోస్ అనేశారు.

సీతాకోకచిలుక కనబడితే సైకీ, క్యూపిడ్ ప్రేమించిన అమ్మాయి. గ్రీకులో ఆ మాటకు ఆత్మ అనీ, సీతాకోకచిలుక అనీ రెండర్థాలు. జెరార్ చిత్రంలో (1798, లూవ్ర్) సైకీ తల మీద అది వాలబోతూ ఉంటుంది. చేతిలో నూనె దీపం ఉండి పక్కన నిద్రపోయే కుర్రాడుంటే ఆ కథలోనే మరో ఘట్టం.


రంగులపెట్టె

ఇద్దరికీ ధన్యవాదాలు. అద్దం పట్టిన పిల్లవాడి రెక్కలు మూసి చూపించడం తప్పకుండా చేయిస్తాను. బ్రాంజినో గురించి ఎవరైనా చెప్పండి. పాత పుస్తకంలోని అచ్చుకూ ఇప్పటి ఫొటోకూ మధ్య తేడా కనబడుతోంది, అది ముద్రణ లోపమా?


జవాబు: పాత వార్నిష్

ముద్రణ లోపం కాదు. లండన్ నేషనల్ గ్యాలరీ ఆ చిత్రాన్ని 1860లో కొన్నప్పుడు వీనస్ నాలుకనూ చనుమొననూ రంగుతో కప్పేశారు. అప్పటి మర్యాదకు ముద్దులో నాలుక కనబడటం సరిపడలేదు. 1958లో శుభ్రం చేసినప్పుడు ఆ పైపూత తీసేశారు. అంతకుముందు తీసిన ఫొటోలు వేసిన పుస్తకాల్లో మర్యాదైన ముద్దే ఉంటుంది. పిల్లలకు చూపేటప్పుడు ఫొటో ఏ కాలంలో తీసిందో చూసుకోండి.

ఇక బొమ్మ. సుమారు 1545, చెక్క మీద నూనె రంగులు, 146 × 116 సెం.మీ. కింది నుంచి పైకి చూసుకుంటూ పోతే సులువు. కింద ఎడమ మూల, క్యూపిడ్ పాదం దగ్గర పావురం. కింద కుడివైపు మాస్కులు. మధ్యలో వీనస్ ఎడమ చేతిలో బంగారు యాపిల్, కుడి చేతిలో బాణం. ఈ బాణం దగ్గర ఆగండి. కొడుకు తల్లిని ముద్దు పెట్టుకుంటుంటే తల్లి అతని బాణం లాగేసుకుంది. ఎవరు ఎవరిని వంచించారో తేల్చలేనట్టు గీశాడు.

కుడివైపు నవ్వుతూ గులాబీలు విసరబోయే పిల్లవాడి చీలమండకు గజ్జెలు. అతని పాదంలోకి ముల్లు దిగి ఉంది, అయినా నవ్వు చెదరలేదు. సుఖమో మూర్ఖత్వమో, పేరు ఏది పెట్టినా ఆ ముల్లు తెలియకపోవడమే అతని లక్షణం.

అతని వెనకే మీరడిగిన అమ్మాయి. ముఖం మాత్రం చూస్తే ముద్దుగా ఉంటుంది. ఒక చేత్తో తేనెపట్టు అందిస్తోంది, రెండో చేతిలో కొండి ఉన్న తోక కొస దాచింది. చేతుల్ని దగ్గరగా చూడండి. కుడి చెయ్యి ఉండాల్సిన చోట ఎడమ అరచెయ్యి, ఎడమ చోట కుడిది. చిత్రకారుడి పొరపాటు అనుకోకండి, కావాలని తిప్పి పెట్టాడు. ఆకుపచ్చ గౌను కింద నుంచి పొలుసుల ఒళ్ళు, సింహం పంజాలు బయటికొస్తాయి. ఈమెను వంచన అని చదువుతారు. తేనె ముందు, కుట్టడం తర్వాత.

ఎడమవైపు జుట్టు పీక్కుంటూ అరిచే ముఖం అసూయ అని ఎక్కువమంది మాట. కొందరు ఆ కాలపు సుఖరోగం అంటారు. పైన రెక్కలు, భుజం మీద ఇసుక గడియారం ఉన్న ముసలివాడు కాలం. నీలి తెరను బలమైన చేత్తో లాగుతున్నాడు. ఎడమ పై మూలన అతనికి ఎదురుగా ఉన్న ముఖానికి వెనక తలే లేదు, మాస్కులాగా బోలు. మరుపు అంటారు. కాలం తెర తీస్తుంటే మరుపు మూయబోతోందన్న చదువు నాకు సరిగ్గా అనిపిస్తుంది. ఎందుకంటే ఆ తెర కింద దాగినవన్నీ కాలంతో బయటపడేవే.

తేనెపట్టు మాట వచ్చింది కాబట్టి క్రానాక్ కూడా. వీనస్‌తో మొరపెట్టుకుంటున్న క్యూపిడ్ (సుమారు 1525, లండన్) చేతిలో తేనెపట్టు, ఒంటిమీద తేనెటీగలు. థియోక్రిటస్ పేరు మీద వచ్చిన చిన్న కవితలోంచి వచ్చింది ఈ కథ. ఇంత చిన్న పురుగు ఇంత బాధ పెట్టిందని పిల్లవాడు ఏడిస్తే, నువ్వూ చిన్నవాడివే, నువ్వు చేసే గాయాలు చూడు అంటుంది తల్లి. దీన్ని క్రానాక్, ఆయన పనివాళ్ళు 20కి పైగా సార్లు గీశారు. ఇక్కడ ఉచ్చు ఏమిటంటే వీనస్ యాపిల్ కొమ్మ పట్టుకుని చెట్టు కింద నిలబడింది, క్రానాక్ గీసిన ఈవ్ కూడా దాదాపు అలాగే నిలబడుతుంది. కానీ ఈవ్‌కు టోపీ ఉండదు, మెడలో నగ ఉండదు. తేనెపట్టు పట్టుకున్న పిల్లవాడు పక్కన ఉండడు.

పైపూతల గురించి ఇంకొక ఉదాహరణ మీ పాఠంలో తప్పక పెట్టండి. డ్రెస్డెన్‌లో వెర్మీర్ గీసిన కిటికీ దగ్గర ఉత్తరం చదివే అమ్మాయి (సుమారు 1657-59). ఆమె వెనక గోడ ఖాళీగా ఉండేది. గోడ కింద క్యూపిడ్ ఉన్నాడని 1979లో ఎక్స్‌రేలో తెలిసింది, కానీ వెర్మీరే మనసు మార్చుకుని చెరిపేశాడని అందరూ అనుకున్నారు. 2017లో మొదలైన శుభ్రపరచడంలో అసలు సంగతి బయటపడింది. క్యూపిడ్ రంగు మీద వార్నిష్ పొర, దాని మీద మురికి పొర, ఆ పైన గోడ రంగు. మురికి పేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, అప్పటికి వెర్మీర్ బతికి లేడు. అంటే చెరిపింది వేరొకరు. సూక్ష్మదర్శిని కింద స్కాల్పెల్‌తో ఆ పూత కొంచెం కొంచెంగా గీకి తీసి 2021లో పూర్తి చిత్రం చూపించారు. క్యూపిడ్ నేల మీద పడ్డ మాస్కుల్ని తొక్కుతూ నిలబడి ఉన్నాడు. అంటే అమ్మాయి చేతిలో ఉన్నది ప్రేమలేఖ, అది కపటం లేని ప్రేమ. ఒక్క గుర్తు గోడ మీదికి తిరిగి రావడంతో చిత్రం అర్థమే మారింది. 2021కి ముందు అచ్చయిన ఏ పుస్తకంలోనూ ఈ క్యూపిడ్ పూర్తిగా కనబడడు.


జవాబు: విరితూపు

మన్మథుడి పోలిక గురించి. తేవచ్చు, కానీ ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందని చెప్పకండి. పక్కపక్కన పెట్టి తేడాలు చూపిస్తేనే పిల్లలకు రెండూ బాగా గుర్తుంటాయి.

మనవాడి విల్లు చెరకు, నారి తుమ్మెదల బారు, అమ్ములు అయిదు: అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం. అయిదూ వలపు పుట్టించేవే. ఓవిడ్ చెప్పిన సీసపు బాణం లాంటిది, మనసు విరిచే అమ్ము, మన అమ్ములపొదిలో లేదు. మన కావ్యాల్లో విరహం బాణం తగలకపోవడం వల్ల రాదు, తగిలిన మనిషి దూరంగా ఉండటం వల్ల వస్తుంది. ఇది చిన్న తేడా కాదు.

ఇంకోటి తేనెటీగ. క్రానాక్ బొమ్మలో అది క్యూపిడ్‌నే కుడుతుంది. మన దగ్గర తుమ్మెదలు అతని వింటి నారిగా బారులు తీరుతాయి, అతని కొలువువే. గుర్తు దగ్గరిదే, పని వేరు.

శరీరం సంగతి కూడా చూడండి. శివుడి కంటిమంటకు కాలిపోయి మన్మథుడు అనంగుడయ్యాడు. ఒళ్ళు లేనివాణ్ణి శిల్పి ఎలా చెక్కాలి? కాబట్టి శిల్పాల్లో చెరకు విల్లు, పక్కన రతి, మకర ధ్వజం, చిలుక, వీటితోనే పోల్చుకుంటాం. ఇక్కడా పాలరాయి గారు చెప్పిన మాటే, ఒక్క చిలుక చాలదు. చిలుక అమ్మవార్ల చేతిలోనూ ఉంటుంది, ఆండాళ్ చేతిలో ఉంటుంది. చెరకు విల్లు కూడా లలితాదేవికి, కామాక్షికి ఉంది. విల్లు పట్టింది మగరూపమా, పక్కన రతి ఉందా అని చూస్తేనే మన్మథుడు తేలతాడు.


జవాబు: పాలరాయి

విరితూపు గారి కామాక్షి ఉదాహరణ బాగుంది, యూరప్ గుర్తులకు దీటుగా దాన్ని కూడా పెట్టొచ్చు.

ఒక విషయం మిగిలిపోయింది. కోరుకున్నవాళ్ళను చేరడానికి దేవతల రాజు జూపిటర్ వేసిన వేషాలు. హంస ఉంటే లేడా, ఎద్దు ఉంటే యూరోపా, బంగారు వాన ఉంటే డానాయి, మబ్బు చెయ్యి కౌగిలిస్తే అయో, గద్ద ఎత్తుకుపోతుంటే గానిమీడ్. హంస వీనస్ రథానికీ ఉంటుంది కాబట్టి గుడ్లు వెతకండి, గుడ్లు ఉంటే లేడా. ఇవి ప్రేమ గుర్తుల పట్టికలోనే వేస్తుంటారు. దయచేసి పిల్లలకు అలా చెప్పకండి. ఇందులో ఎక్కువ భాగం బలవంతం, ఎత్తుకుపోవడం. రెంబ్రాంట్ 1635లో గానిమీడ్‌ను గద్ద గోళ్ళలో గుక్కపట్టి ఏడుస్తూ భయంతో మూత్రం పోసే పసివాడిగా గీశాడు. కథను ఉన్నది ఉన్నట్టు చూసినవాడు అతనే అని నా అభిప్రాయం.

మూత్రం మాట వచ్చింది కాబట్టి, లొరెంజో లొట్టో గీసిన వీనస్, క్యూపిడ్ (న్యూయార్క్ మెట్రోపాలిటన్) లో క్యూపిడ్ నవ్వుతూ మిర్టిల్ దండలోంచి వీనస్ ఒడిలోకి మూత్రం పోస్తాడు. అది పెళ్ళి కానుక చిత్రం, సంతానం కలగాలన్న దీవెన. వీనస్ తలమీద వెనిస్ పెళ్ళికూతురి కిరీటం, ముసుగు, చెట్టుకు ఐవీ తీగ, ఒడిలో గులాబీ రేకులు. ఒకే పని రెండు బొమ్మల్లో భయమూ దీవెనా అయింది. తరగతిలో పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి, ఆ రెండు బొమ్మల్నీ పక్కపక్కనే పెట్టండి.


రంగులపెట్టె

రెండు తరగతులకు ఇన్ని పట్టవు. వరస చెప్పండి, ఏవి ఉంచాలి?


జవాబు: కుంచె కొస

ఆరు చాలు. మొదటి తరగతిలో వెలాస్కెజ్, టిషియన్ ఉర్బినో, రాఫెల్ బుజ్జాయిలు. పేర్లు చూపించకండి. ఒక్కో బొమ్మకు అయిదు నిమిషాలు ఇచ్చి కనబడే వస్తువుల పేర్లు మాత్రమే రాయించండి. అర్థాలు రాస్తే కొట్టేయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, చూడకముందే అర్థం చెప్పేస్తారు. టిషియన్‌లో కిటికీ గట్టు మీది కుండీ సగం మంది రాయరు, అది దొరికాకే గులాబీ గురించి మాట్లాడండి.

రెండో తరగతిలో బెర్నిని డాఫ్నీ, బ్రాంజినో, వెర్మీర్. బ్రాంజినోను మొత్తంగా తెర మీద వేస్తే ఆ చేతులు కనబడవు. తేనెపట్టు చెయ్యి, తోక చెయ్యి, ముల్లు దిగిన పాదం, పావురం, ఈ నాలుగు ముక్కల్ని విడిగా ఏ4 కాగితం మీద అచ్చు తీసి గుంపుకొకటి ఇవ్వండి. తేనెపట్టు కాగితం అందుకున్న గుంపును వాళ్ళ సొంత చెయ్యి అలాగే పెట్టి చూడమనండి. బొటనవేలు ఎటుందో చూసుకుంటే చాలు, చేతులు తారుమారైన సంగతి వాళ్ళే పట్టుకుంటారు. వెర్మీర్‌కు పాత ఫొటో, కొత్త ఫొటో రెండూ కావాలి, పాతది ముందు చూపించి ఉత్తరంలో ఏముందో ఊహించి రాయమనండి. ఆ కాగితాలు తీసుకున్నాకే కొత్తది తెర మీద వేయండి.